పాత టీవీ – కొత్త పెట్టె

ఇదివరకు టీవీలోకి బొమ్మ, మాట అలల రూపంలో వచ్చేవి. దీన్ని అనలాగ్ పద్ధతి అంటారు. దారిలో అల చెదిరితే తెర మీద చుక్కలు, గీతలు పడేవి.

ఇప్పుడు వచ్చేది డిజిటల్ పద్ధతి. ఇందులో బొమ్మను, మాటను అంకెలుగా మార్చి పంపుతారు. ఆ అంకెలు రెండే. ఒకటి, సున్న. పాత టీవీ ఈ అంకెలను చదవలేదు. వాటిని చదివి, బొమ్మగా మార్చి టీవీకి ఇచ్చేదే సెట్ టాప్ బాక్సు. చదువు రాని వారికి ఉత్తరం చదివి పెట్టినట్టన్నమాట.

ఈ మార్పు ఎప్పుడు జరిగింది?

2011లో పార్లమెంటు కేబుల్ చట్టాన్ని సవరించింది. 2012లో మహానగరాలతో మొదలుపెట్టారు. హైదరాబాదు, విశాఖపట్నం నగరాలకు 2013 మార్చి 31 గడువు. మిగతా పట్టణాలకు 2015 డిసెంబరు 31. పల్లెలకు 2016 డిసెంబరు 31 అన్నారు. తరువాత 2017 మార్చి 31కి పొడిగించారు.

ఎందుకు మార్చారు?

డిజిటల్ పద్ధతిలో అదే తీగ మీద ఎక్కువ చానళ్ళు వస్తాయి. ఇంకో కారణం కూడా ఉంది. పాత పద్ధతిలో ఎన్ని ఇళ్ళకు కేబుల్ ఉందో సరిగా తెలిసేది కాదు. కొందరు వంద ఇళ్ళలో డబ్బు వసూలు చేసి, పది ఇళ్ళే చూపించేవారు. ప్రభుత్వానికి పన్ను రాకుండా పోయేది. బాక్సు వచ్చాక ప్రతి ఇల్లూ లెక్కలోకి వచ్చింది.

అత్తాకోడళ్ళ మాటలు

2017లో ఒక ఊళ్ళో అత్తాకోడళ్ళు ఇలా మాట్లాడుకున్నారు.

"ఏమే, మన టీవీ ఇక పనికిరాదంట. పాత సామాన్ల వాడు రెండొందలు ఇస్తానంటున్నాడు. ఇచ్చేద్దామా?"

"తొందరపడకత్తా! టీవీకేం కాలేదు. బాక్సు తగిలిస్తే మళ్ళీ వస్తుంది. మన దానికి వెనక మూడు రంగుల రంధ్రాలున్నాయిగా. పసుపుది బొమ్మకు. ఎరుపు, తెలుపు మాటకు."

"కేబుల్ అబ్బాయి బాక్సు ఖరీదు మొత్తం కట్టమన్నాడు. ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు."

"వేలిముద్ర ఎందుకు? నీకు సంతకం వచ్చుగా! ముందు చదువు."

అత్త కూడబలుక్కుని చదివింది. ఒకచోట ఆగింది.

"ఇదేంటే! ఇందులో 'అద్దె' అని ఉంది. అద్దె పెట్టెకు పూర్తి ఖరీదు ఎందుకు కట్టాలి?"

మర్నాడు ఆ కాగితం దిద్దించాకే ఆమె సంతకం చేసింది.

గుర్తుంచుకోండి

1. బాక్సు అద్దెకా, సొంతానికా? ముందే అడగండి.
2. చదవకుండా సంతకం చేయకండి. రసీదు దాచుకోండి.
3. 2019 నుంచి కావలసిన చానళ్ళను మనమే ఎంచుకోవచ్చు. వాటి ధరలు అడిగి తెలుసుకోండి.
4. దూరదర్శన్ ఉచిత డిష్ సేవ 2004లో మొదలైంది. ఇప్పుడు దాని పేరు డీడీ ఫ్రీ డిష్. డిష్షు, బాక్సు ఒకసారి కొంటే చాలు. నెలనెలా డబ్బు కట్టనక్కర లేదు.

జవాబులు రాయండి

1. సెట్ టాప్ బాక్సు చేసే పని ఏమిటి?
2. అత్త కాగితం చదవకపోతే ఏం జరిగేది?

చేసి చూడండి

మీ ఇంటి టీవీ రసీదు తీసి చదవండి. తేదీ, సొమ్ము, చానళ్ళ వివరాలు ఉన్నాయా? లేకపోతే అడగండి.