ధారణ

మిరప కల్లమున తాలుకాయలేరుచు తల్లి పిల్లవానికి పది సరుకులు చెప్పి పంపును. అంగడి చేరునప్పటికి నాలుగైదే గుర్తుండును. ఇది మందబుద్ధి కాదు. తాత్కాలిక స్మృతి యేడింటికి అటునిటుగా మాత్రమే పట్టునని అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లరు 1956లో వ్రాసెను. నాలుగే యని తరువాతివారు కొందరనిరి. కాని 1, 9, 4, 7 అను నాలుగంకెలు, స్వాతంత్ర్య సంవత్సరమని తెలిసినవానికి ఒక్కటియే. ఇట్లు ముడివేయుటయే కిటుకు.

మన అవధానులు చేయునదియు నిదియే. నరసరావుపేట చేరువనున్న కొప్పరమునకు చెందిన కొప్పరపు సోదరకవులు శతావధానములు గావించిరి. అవధాని పృచ్ఛకులకు వరుసగా ఒక్కొక్క పాదము చెప్పుచు, తుదకు పద్యములన్నిటిని ఒప్పగించును. అదియే ధారణ. చిరాభ్యాసమున మనసున నాటుకొన్న ఛందస్సే యిచట ముడి. జారిన మాటను యతిప్రాసలు పట్టియిచ్చును. నడుమ మ్రోగు గంటల లెక్కకు మాత్రము ఆ యాసరా లేదు. పద్యము చెప్పుచునే, ప్రతి గంటకును సంఖ్యను మార్చుకొనవలెను. అవధానమున నదియే కఠినమని నా తలంపు.