ఉక్కు, ఫౌలాద్, జౌహర్

తెలుగులో ఉక్కు అను మాటకు లోహమనియు, బలమనియు రెండర్థములు కలవు. ఒకని బలమును, గర్వమును అణచివేయుటను ఉక్కడగించుట అందురు. ఉర్దూలో ఈ లోహమునకు ఫౌలాద్ అని పేరు. ఫౌలాదుతో చేసిన మేలైన కత్తి అలుగుపై నీటి అలల వలె కనిపించు గీతలను జౌహర్ అందురు. మనిషిలోని సారమునకు, ప్రతిభకు కూడ అదే మాట. మా కళాశాలలో ఒక గదిలో తెలుగు, ప్రక్క గదిలో ఉర్దూ చదువుకొను విద్యార్థులు ఈ మాటలను ఒక్కసారి ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒక భాష లోహము యొక్క శక్తిని చెప్పినది. ఒక భాష దాని లోపలి నిర్మాణమును చెప్పినది. పదార్థ శాస్త్రజ్ఞులు చేయు పనియంతయు ఈ రెంటి నడుమనే ఉన్నది.

ఆ పని యేమి? ఒక వస్తువు గట్టిగా ఉన్నదా, వంగునా, విరుగునా, త్రుప్పు పట్టునా అని పరీక్షించుట మొదటి మెట్టు. అది అట్లేల ఉన్నదో తెలిసికొనుటకు దానిలో ఏయే మూలకములు ఎన్ని పాళ్ళున్నవో, అవి లోపల ఎట్లు అమరియున్నవో చూచుట రెండవది. ఆ అమరిక కొలిమిలో, సమ్మెట క్రింద, నీటి తొట్టిలో ఎట్లు మారునో తెలిసికొని, కోరిన గుణము వచ్చునట్లు మార్చుట మూడవది. చెప్పుటకు మూడు మాటలే అయినను, ఒక్క ఉక్కు విషయములో ఈ మూడు మెట్లు ఎక్కుటకు ఐరోపా పండితులకు దాదాపు రెండు వందల యేండ్లు పట్టినది. ఆ పాఠము ఆరంభమైన చోటులలో ఒకటి మన గోదావరికి ఎగువననే ఉన్నది.

నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. గోదావరి నది అటు నిర్మల్, ఇటు నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల నడుమ ప్రవహించి, భద్రాచలము దాటి, మన డెల్టాకు వచ్చును. ఆ పై గట్ల మీది పల్లెలలో కమ్మరులు నల్లని ఇనుప రాతిని కరిగించి ఇనుము తీసెడివారు. ఆ ఇనుమును కోనసముద్రము కమ్మరులు మూసలలో పెట్టి ఉక్కు చేసెడివారు. 17వ శతాబ్దిలో మన దేశమున తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, జౌహర్ తేలు కత్తులకు పనికివచ్చు ఉక్కు గోలకొండ రాజ్యము నుండియే పారశీకమునకు పోవుచున్నదని వ్రాసినాడు. ఆ కాలముననే మన ద్రాక్షారామములో డచ్చివారికి వర్తక స్థానముండెడిది, పాలకొల్లులోను ఉండెడిది. నర్సాపురమున ఓడలు కట్టుచుండిరి. ఇనుము, వస్త్రములు, కలప ఈ తీరము నుండి దూరదేశములకు పోయిన రోజులవి.

ఆ పై ఊళ్ళ ఉక్కు పని గూర్చి కన్నులార చూచి వ్రాసిన వారిలో ముఖ్యుడు హెన్రీ వాయిసీ. ఇతడు త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగాను పని చేసి 1824లో మరణించినాడు. అతని వ్యాసము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. మెట్‌పల్లి నుండి తెచ్చిన ఇనుమును, కొండాపురము నుండి తెచ్చిన ఇనుమును నిర్ణీతమైన పాళ్ళలో కలిపి, మూసలలో పెట్టి, మట్టితో మూతి మూసి, 24 గంటల పాటు తిత్తులు ఊదెడివారట. చల్లారిన పిమ్మట మూస పగులగొట్టి ఉక్కు ముద్దను తీసి, దానికి మరల మట్టి పూసి, గంటల తరబడి వేడిలో ఉంచి మెత్తపరచెడివారు. వాయిసీ అచటికి పోయిన వేళ ఇస్ఫహాన్ నుండి వచ్చిన పారశీక వర్తకులు ఉక్కు కొనుచుండిరి. తమ దేశమున దీనిని చేయబూని విఫలులైనామని వారు చెప్పిరట. వర్తకుల ఊరి పేరు, ఇనుము తెచ్చిన ఊళ్ళ పేర్లు ఆ వ్యాసము వలన మనకు తెలిసినవి. మూసలు పెట్టిన కమ్మరుల పేర్లు మాత్రము మన వరకు రాలేదు.

ఇప్పుడు మూసలో జరిగిన దేమో చూతము. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాని కరుగదు. బొగ్గు కొలిమికి అంత వేడి అందనిది. కాని ఇనుములో కర్బనము చేరిన కొద్దీ అది కరుగు ఉష్ణోగ్రత తగ్గుచు పోవును, నూటికి 4.3 పాళ్ళు చేరినచో ఇంచుమించు 1150 డిగ్రీలకే కరుగును. అట్లని కర్బనము విపరీతముగా చేరినచో అది పోత ఇనుమై, సమ్మెట దెబ్బకు గాజు వలె పగులును. కర్బనము లేనిచో మెత్తనై కత్తికి పదును నిలువదు. మన కమ్మరులు సాధించినది ఈ రెంటి నడిమి ఇరుకు దారి: నూటికి ఒకటిన్నర పాళ్ళకు అటునిటుగా కర్బనము. మైసూరు, సేలము ప్రాంతములలో ఇనుముతో పాటు తంగేడు కర్రముక్కలు, పచ్చి ఆకులు మూసలో వేసెడివారు. అవి మాడి కర్బనమును ఇచ్చును. కోనసముద్రములో రెండు రకముల ఇనుమును కలుపుటయే ఉపాయము.

మూసను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మాకు ఈ కథలో మిక్కిలి నచ్చిన భాగమిదే. అంత వేడిలో రాత్రింబవళ్ళు నిలువవలసిన మట్టి పాత్ర కరుగరాదు, కుంగరాదు, పగులరాదు. దక్కను మూసల ముక్కలను థెల్మా లోవ్ అను అమెరికా పరిశోధకురాలు సూక్ష్మదర్శినితో పరిశీలించి 1990లో తన ఫలితములను ప్రకటించినది. ఆ మట్టిలో వరి ఊక మెండుగా కలిపియున్నది. గాలి చొరని వేడిలో ఊక మాడి బొగ్గగును; దానిలోని సిలికా పొట్టు ఆకారముననే నిలిచి మట్టికి లోపలి నుండి దన్నుగా ఉండును; బొగ్గు మూస లోపల గాలిని ఇనుము జోలికి రానీయదు. రెండు పదార్థములను కలిపి, ఏ ఒక్కదానికిని లేని గుణమును సాధించుటను నేడు సంయోజిత పదార్థములన్న గొప్ప పేరుతో పాఠముగా చెప్పుచున్నారు. మన ఊళ్ళ రైసు మిల్లుల వద్ద గుట్టలుగా పడియుండు ఊకయే ఇది. కాల్చిన ఊక బూడిదలో నూటికి 85 నుండి 95 పాళ్ళ వరకు సిలికా ఉండును. సరియైన వేడిలో కాల్చి మెత్తగా నూరినచో దానిని సిమెంటులో కొంత భాగమునకు బదులుగా కలుపవచ్చును. అట్టి కాంక్రీటులోనికి ఉప్పు నీరు చొచ్చుకొనిపోవుట తగ్గును. సముద్రపు గాలికి ఇంటి కప్పులలోని ఇనుప ఊచలు త్రుప్పు పట్టు మన తీరమునకు ఇది చిన్న విషయము కాదు.

ఇక ఐరోపా సంగతి. 1794లో బొంబాయి నుండి డాక్టరు హెలీనస్ స్కాట్ ఈ ఉక్కు ముద్దలను లండను రాయల్ సొసైటీ అధ్యక్షునికి పంపినాడు. మరుసటి యేడు జార్జి పియర్సన్ వ్రాసిన వ్యాసములో దీనికి ఊట్జ్ అను పేరు అచ్చులో కనబడినది. మన ఉక్కు అను మాటయే వారి నోట అట్లు మారినదని పలువురు పండితుల అభిప్రాయము. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో దీనిని రసాయన పరీక్ష చేసి, అల్యూమినియము, సిలికాల వలన దీనికి ఈ గుణము వచ్చినదని పొరబడినాడు. కాని ఆ పొరపాటు వ్యర్థము కాలేదు. ఇతర ధాతువులను కలిపి ఉక్కును మెరుగుపరుపవచ్చునని తలచి, స్టోడార్ట్ అను కత్తుల పనివానితో కూడి వెండి, ప్లాటినము, రోడియము మొదలగునవి కలిపి చూచినాడు. మిశ్రమ ఉక్కులను క్రమబద్ధముగా పరిశోధించుట దాదాపు ఇక్కడ మొదలైనదనవచ్చును. పిమ్మట పారిస్‌లో బ్రెయాన్ అను నతడు అసలు కారణము అధిక కర్బనమేనని తేల్చినాడు. రష్యాలో అనొసోవ్ 1831లో ఉక్కు ఉపరితలమును సూక్ష్మదర్శినితో చూచినాడు. 1860ల దశకములో షెఫీల్డున హెన్రీ సోర్బీ లోహమును నునుపు చేసి, ఆమ్లముతో తడిపి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టు పద్ధతిని స్థిరపరచినాడు. జౌహర్ చూచుటకు పారశీక కమ్మరులు కత్తికి పుల్లని ద్రావకము పూసినదియు ఇదే ఉపాయము. వారు కంటితో చూచినారు, సోర్బీ కటకముతో చూచినాడు. అంతకు ఎంతో ముందు, 9వ శతాబ్దిలో అల్ కిందీ కత్తుల రకములను గూర్చి ప్రత్యేకముగ గ్రంథము వ్రాసి ఉక్కులను వర్గీకరించినాడు. 11వ శతాబ్దిలో అల్ బిరూనీ మూస ఉక్కును, దాని గీతలను వర్ణించినాడు. మా విద్యార్థులు ఈ పేర్లను చరిత్ర పరీక్షకు మాత్రమే చదువుట మాకు విచారకరము.

ఆ గీతలు యేమివి? కర్బనము ఇనుముతో కలిసి సిమెంటైటు అను కఠినమైన పెళుసు పదార్థమగును. మూస మెల్లగా చల్లారునప్పుడు ఇది చిన్న రేణువులుగా ఏర్పడి, సమ్మెట దెబ్బలతో వరుసలు తీరును. తెల్లని గీత సిమెంటైటు. నల్లని భాగము మెత్తని ఉక్కు. ఐరోపా కమ్మరులు తమ అలవాటు ప్రకారము తెల్లగా మండునంత కాచి కొట్టినందున ఈ ఉక్కు పొడిపొడి యైనది. ఎఱ్ఱని వేడిలోనే కొట్టవలెను. ఇంతవరకు 19వ శతాబ్దికే తెలిసినది. కాని అదే కర్బనముతో, అదే వేడిలో చేసినను గీతలు రాకుండుట చాల కాలము చిక్కు సమస్యగా నుండెను. 1990ల దశకములో అమెరికాలో అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ వెర్హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే అను కమ్మరి కలిసి మూసలలో ఉక్కు చేసి, లక్షకు నాలుగైదు పాళ్ళ వెనేడియము వంటి స్వల్పమైన మాలిన్యమున్నపుడే గీతలు తేలుచున్నవని చూపినారు. మరల మరల కాచి కొట్టినపుడు సిమెంటైటు ఆ మాలిన్యము పేరుకొన్న వరుసలనే ఆశ్రయించును.

ఈ విద్య నశించుటకు కారణములు వెదకువారికి ఇదియొక జవాబు. ఇనుప రాయి వచ్చు గని మారినచో, చేయి మారకున్నను గీతలు మాయమగును. కమ్మరికి తన తప్పేమో తెలియదు. వెర్హోవెన్ ఊహ ఇది. దీనికి తోడు 1856లో బెస్సిమర్ పద్ధతి వచ్చి ఉక్కు కారుచౌక యైనది. దిగుమతి ఇనుము సంతలకు చేరినది. బొగ్గునకు అడవి దుర్లభమైనది. తండ్రి చేతి నుండి కొడుకు చేతికి మాత్రమే వచ్చిన విద్య గనుక, ఒక తరము చేతులు ముడుచుకొన్నంతనే అది పోయినది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయము, బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలలో చిట్టెపు గుట్టలను, మూస ముక్కలను వెదకి నమోదు చేసినవి.

2006లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు 17వ శతాబ్దపు కత్తి ముక్కలో కర్బనపు సూక్ష్మనాళికలు కనుగొన్నామని ప్రకటించినారు. అంతట మన పూర్వులకు నానో శాస్త్రము తెలిసియుండెనని వేదికల మీద చెప్పుట పరిపాటి యైనది. మేము దీనితో ఏకీభవింపజాలము. వారికి తెలిసినది మంట రంగు, మూస మోగు చప్పుడు, చేతికి తగులు బరువు. అది తక్కువ తెలివి కాదు; లేని తెలివిని అంటగట్టి ఉన్న తెలివిని చిన్నబుచ్చవలసిన పని లేదు.

నేటి పని వేరు దారిని పట్టినది. 1963లో హైదరాబాదున రక్షణ లోహ పరిశోధనాలయము, 1973లో మిశ్ర ధాతు నిగమము వెలసినవి. మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి అంచె కవచము మారేజింగ్ ఉక్కుతో చేసినది. కోనసముద్రపు కమ్మరి కర్బనమును లోనికి రప్పించుటకు పాటుపడగా, ఈ ఉక్కులో కర్బనమును దాదాపు పూర్తిగా వెళ్ళగొట్టుదురు. బదులుగా నూటికి 18 పాళ్ళు నికెలు, కొంత కోబాల్టు, మాలిబ్డినము కలుపుదురు. ముందు మెత్తగా ఉన్నపుడే కోరిన ఆకారమునకు మలచి, పిదప 480 డిగ్రీల వేడిలో కొన్ని గంటలుంచినచో లోపల కంటికానని రేణువులు పుట్టి దానిని గట్టిపరచును.

సైన్సు విద్యార్థులు ఇంటి వద్దనే చేయదగిన పరీక్ష ఒకటి కలదు. పెద్దలు దగ్గరుండగా పట్టకారుతో చేయవలెను. మూడు కుట్టు సూదులు తీసికొని మూడింటిని ఎఱ్ఱగా కాల్చుడు. మొదటిదానిని బూడిదలో పెట్టి మెల్లగా చల్లారనిండు. వ్రేళ్ళతో వంచినచో తీగ వలె వంగి అట్లే ఉండును. రెండవదానిని వెంటనే నీటిలో ముంచుడు. వంచబోయినచో పుటుక్కున విరుగును. కంటికి ముక్క తగులకుండ గుడ్డలో చుట్టి విరువవలెను. మూడవదానిని కూడ నీటిలో ముంచి, గరుకు కాగితముతో రుద్ది మెరుగు తెచ్చి, సన్నని సెగపై పట్టుడు. మొదట లేత పసుపు, పిదప ఊదా, ఆ పిమ్మట నీలి రంగు ప్రాకును. నీలి రంగు కనబడినంతనే తీసి చల్లార్చి కొద్దిగా వంచి వదలుడు. అది తిరిగి నిటారుగా నిలుచును.