నది మీద రైలు – నది కింద రైలు

పిల్లలూ! మీలో చాలామంది గోదావరి వంతెన మీద రైల్లో వెళ్ళే ఉంటారు. బండి వంతెన ఎక్కగానే చప్పుడు మారిపోతుంది. పెద్దవాళ్ళు చేతులు జోడిస్తారు. కొందరు నదిలోకి నాణెం విసురుతారు. మరి నదికి కిందుగా రైల్లో వెళ్ళినవాళ్ళు మీలో ఎందరున్నారు?

నిరుడు తొమ్మిదో తరగతిలో ద్రవాల పీడనం పాఠం చెబుతూ, కలకత్తాలో హుగ్లీ నది కింద సొరంగంలో రైలు నడుస్తోందని అన్నాను. ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, నీళ్ళు లోపలికి రావా?" అని అడిగింది. "దళసరి కాంక్రీటు గోడ ఉంటుందమ్మా" అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. "గోడ కట్టకముందు మాటేమిటి మాస్టారూ?" అంది.

నేను ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. అయినా ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తోచలేదు. "రేపు చెబుతాను" అన్నాను. ఆ రేపు చాలా రోజులు సాగింది. దొరికిన పుస్తకాలు చదివాను. చదివినకొద్దీ ఆ రైలెక్కి చూడాలనిపించింది. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా! అందుకని కనుమ వెళ్ళిన మర్నాడు, రెండు రోజులు సెలవు పెట్టి, రాత్రి బెజవాడలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రండి, ఆ ప్రయాణంలో చూసినవీ, లెక్క కట్టినవీ మీకూ చెబుతాను.

దూరప్రయాణం

ఫలక్‌నుమా సికింద్రాబాదు నుంచి హౌరాకు వెళ్ళే బండి. బెజవాడ నుంచి హౌరా సుమారు 1,230 కి.మీ. ప్రయాణం దాదాపు 21 గంటలు. దూరాన్ని కాలంతో భాగించండి. సగటు వేగం గంటకు 58 కి.మీ. పైచిలుకు వస్తుంది. మధ్యలో బండి గంటకు నూరు కి.మీ. దాటి పరుగెత్తినా, ఆగిన సమయమంతా కలిస్తే సగటు ఇంతకు దిగుతుంది.

రాత్రి గోదావరి దాటాం. తెల్లవారుజామున విశాఖపట్నంలో ఇంజను ఒక కొస నుంచి రెండో కొసకు మారింది. అక్కడి నుంచి బండి వెనక్కి తిరిగి నడుస్తుంది. పొద్దెక్కాక చిలక సరస్సు కనిపించింది. కటక్ దగ్గర మహానది దాటాం. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద తెలుగు మాటలు వినిపించాయి. తరాల క్రితం రైల్వే పనులకు వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కోలాఘాట్ దగ్గర రూపనారాయణ నది వచ్చింది. ఇన్ని నదులనూ పైనుంచే దాటాం. సాయంత్రానికి హౌరాలో దిగాను. ఎదురుగా హుగ్లీ నది, దాని అవతల ఒడ్డున కలకత్తా. ఈ ఒక్క నదిని మాత్రం కిందనుంచి దాటాలి!

కొత్త బండి

కలకత్తాకు మెట్రో రైలు కొత్త కాదు. మన దేశంలో మొదటి మెట్రో అక్కడే 1984 అక్టోబరు 24న, ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కి.మీ. మేర మొదలైంది. ఇప్పుడు నేను ఎక్కబోయేది రెండో మార్గం. పడమట హౌరా మైదాన్ నుంచి తూర్పున సాల్ట్‌లేక్ సెక్టార్ ఐదు వరకు 16.6 కి.మీ. పొడవు, 12 స్టేషన్లు. నది కిందుగా వెళ్ళే భాగంలో 2024 మార్చి 15 నుంచి ప్రయాణికులను ఎక్కించుకుంటున్నారు. మధ్యలో మిగిలిన ఎస్ప్లనేడ్–సియాల్దా ముక్క 2025 ఆగస్టు 22న కలిసింది. అంత ఆలస్యం ఎందుకయిందో ముందు ముందు చెబుతాను.

హౌరా స్టేషన్లో మెట్రో కోసం కదిలే మెట్ల మీద దిగుతూనే ఉన్నాను. పట్టాలు నేలమట్టానికి సుమారు 30 మీటర్ల లోతున ఉన్నాయి. అంటే పదంతస్తుల మేడను నేలలో పాతిపెట్టినంత! ప్లాట్‌ఫారం అంచున అద్దాల గోడ ఉంది. బండి వచ్చి ఆగాకే అందులోని తలుపులూ, బండి తలుపులూ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. పట్టాల మీద ఎవరూ పడే వీలు లేదు.

ముందు ఈ కొసనుంచి ఆ కొసకు వెళ్ళాను. అరగంట పట్టింది. అరగంటలో 16.6 కి.మీ. అంటే సగటు వేగం గంటకు 33 కి.మీ. "ఇంతేనా? మా ఎక్స్‌ప్రెస్సే నయం!" అనుకుంటున్నారా? తొందరపడకండి.

పరుగు కన్నా అందుకోవడం ముఖ్యం

12 స్టేషన్ల మధ్య 11 ఎడాలు. 16.6ను 11తో భాగిస్తే స్టేషనుకూ స్టేషనుకూ మధ్య సగటున 1.5 కి.మీ. మాత్రమే. ఇంత దగ్గర దగ్గరగా ఆగే బండికి గరిష్ఠ వేగం కన్నా, ఎంత త్వరగా వేగం అందుకుంటుంది, ఎంత త్వరగా ఆగుతుంది అన్నదే ముఖ్యం. దీన్నే త్వరణం అంటాం.

ఒక లెక్క చేద్దాం. గంటకు 80 కి.మీ. అంటే సెకండుకు 22.2 మీటర్లు. మెట్రో బండి త్వరణం సెకండుకు సెకండుకు 1 మీటరు అనుకోండి. 22 సెకండ్లలో ఆ వేగం అందుకుంటుంది. ఈలోగా అది నడిచే దూరం దాదాపు 250 మీటర్లు. ఆగడానికి మరో 250. ఇంకా కిలోమీటరు దూరం హాయిగా పరుగెత్తవచ్చు.

ఇంజను లాగే పొడవాటి బండి త్వరణం అందులో అయిదోవంతు, అంటే 0.2 మీటర్లు అనుకోండి. అదే వేగం అందుకోవడానికి 111 సెకండ్లు, 1,200 మీటర్ల పైచిలుకు దూరం కావాలి. వేగం పుంజుకునే లోపలే బ్రేకు వెయ్యవలసి వస్తుంది!

ఈ తేడా ఎక్కడిది? ఉక్కు చక్రం ఉక్కు పట్టాను ఘర్షణ వల్లే పట్టుకుని ముందుకు తోస్తుంది. ఆ పట్టు చక్రం మీద పడే బరువును బట్టి ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ బండిలో దాదాపు 120 టన్నుల ఇంజను చక్రాలు మాత్రమే ఇరవైకి పైగా పెట్టెలను లాగాలి. మరీ గట్టిగా తిప్పితే చక్రాలు జారిపోతాయి. మెట్రోలో విడిగా ఇంజను లేదు. మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి. పెట్టెల బరువూ, అందులో నిలబడ్డ మీ బరువూ కూడా ఆ పట్టుకు సాయపడతాయి. ఒక్క ఎద్దు బండి లాగడానికీ, నలుగురు నాలుగు చక్రాల దగ్గరా పట్టి తోయడానికీ ఉన్నంత తేడా.

విద్యుత్తులోనూ తేడా ఉంది. ఎక్స్‌ప్రెస్ ఇంజను పైనున్న తీగనుంచి 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు తీసుకుంటుంది. ఈ మెట్రో పట్టాల పక్కనున్న మూడో పట్టా నుంచి 750 వోల్టుల ఏకముఖ విద్యుత్తు తీసుకుంటుంది. పైన తీగ అక్కర్లేదు కనుక సొరంగాన్ని చిన్నదిగా తవ్వవచ్చు. అయితే వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి. 3,000 కిలోవాట్ల సామర్థ్యానికి 25,000 వోల్టుల దగ్గర 120 ఆంపియర్లు చాలు. 750 వోల్టుల దగ్గర 4,000 ఆంపియర్లు కావాలి. అంత ప్రవాహాన్ని దూరం పంపితే వేడిగా చాలా నష్టపోతాం. అందుకే విద్యుత్తు అందించే ఉపకేంద్రాలను దగ్గర దగ్గరగా పెడతారు. దూరం బండికి ఆ పద్ధతి, ఊళ్ళో బండికి ఈ పద్ధతి. దేని పని దానిదే.

నది కింద 45 సెకండ్లు

తిరుగు ప్రయాణంలో మహాకరణ్ స్టేషను దాటాక కిటికీకి ముఖం ఆనించి నిలబడ్డాను. ఉన్నట్టుండి సొరంగం గోడల మీద నీలిరంగు దీపాలు వెలిగాయి. నది కిందికి వచ్చామని తెలియడానికి పెట్టిన దీపాలవి. నది కింద సొరంగం పొడవు 520 మీటర్లు. బండి దాన్ని సుమారు 45 సెకండ్లలో దాటుతుంది. నా పక్కనున్న పెద్దాయన ఇన్నేళ్ళూ స్టీమరు మీద నది దాటి ఆఫీసుకు వెళ్ళినవాడట. "అప్పుడు నది కనిపించేది, ఇప్పుడు గడియారం కనిపిస్తోంది" అని నవ్వాడు.

ఆ 45 సెకండ్లూ మా తలమీద ఏముంది? నది అడుగుకు సుమారు 13 మీటర్ల కింద ఉన్నాం. పైన మట్టి, దానిపైన నీళ్ళు. నీటిమట్టం నుంచి 30 మీటర్ల లోతున నీటి పీడనం ఎంతో మీకు తెలిసిన సూత్రంతోనే కట్టండి: లోతు × సాంద్రత × గురుత్వ త్వరణం. 30 × 1,000 × 9.8 = 2,94,000 పాస్కల్‌లు. అంటే ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 30 టన్నుల బరువు నొక్కుతున్నట్టు!

దీన్ని ఆపే గోడ మందం 27.5 సెంటీమీటర్లే. సొరంగం లోపలి వ్యాసం 5.55 మీటర్లు. ఇంత పలచని గోడ ఎలా ఆగుతుంది? మీ ఊళ్ళో నూతిలో దించే సిమెంటు వరలు చూడండి. అవి గుండ్రంగానే ఎందుకుంటాయి? చుట్టూ సమంగా నొక్కితే గుండ్రటి గోడ వంగదు, ముక్కకు ముక్క ఒత్తుకుని ఇంకా బిగుస్తుంది. కాంక్రీటు లాగితే తెగుతుంది గాని, నొక్కితే బాగా ఓర్చుకుంటుంది. సొరంగం కూడా అడ్డంగా పడుకోబెట్టిన నుయ్యి లాంటిదే. వంపు తిరిగిన కాంక్రీటు పలకలను పేర్చి ఒక్కొక్క వరా కడతారు. పలకల అతుకుల్లో రబ్బరు పట్టీలుంటాయి. వాటిలో ఒక రకం నీరు తగిలితే ఉబ్బి సందును మూసేస్తుంది.

గోడ కట్టకముందు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ఈ నది కింద జంట సొరంగాలను 2017లో రెండు యంత్రాలు తొలిచాయి. వాటికి రచన, ప్రేరణ అని పేర్లు పెట్టారు. యంత్రం ముందు కోతపళ్ళున్న గుండ్రటి చక్రం ఉంటుంది. అది తిరుగుతూ మట్టిని కోస్తుంది. కోసిన మట్టిని వెంటనే బయటికి తోడెయ్యరు. అసలు కిటుకు అంతా ఇక్కడే ఉంది.

చక్రం వెనకాల ఒక మూసిన గది ఉంది. కోసిన మట్టి ముద్దగా ఆ గదిలో నిండుతుంది. యంత్రాన్ని వెనకనుంచి జాకీలు ముందుకు నెడుతూ ఉంటాయి కనుక, గదిలోని మట్టి జంతికల గొట్టంలో పిండిలాగా గట్టిగా ఒత్తుకుని ఉంటుంది. బయట నీరూ మట్టీ ఎంత పీడనంతో లోపలికి తోస్తాయో, గదిలోని మట్టి అంతే పీడనంతో ఎదురు తోస్తుంది. రెండూ సమానమైతే దేనికీ కదలిక లేదు.

గదిలోంచి మట్టిని పొడవాటి మర ఒకటి తిరుగుతూ వెనక్కి తెస్తుంది. మర నెమ్మదిస్తే గదిలో మట్టి పేరుకుని పీడనం పెరుగుతుంది. వేగం పెంచితే పీడనం తగ్గుతుంది. యంత్రం నడిపేవారు పీడనం చూపే అంకెలను కనిపెట్టుకుంటూ ఉంటారు. ఇదంతా ఉక్కు తొడుగు చాటున జరుగుతుంది. ఆ తొడుగు లోపలే పలకల వర పేరుస్తారు. యంత్రం ముందుకు జరిగినకొద్దీ వరకూ మట్టికీ మధ్య మిగిలే సందులో పలచని సిమెంటు ముద్ద ఎక్కిస్తారు. అందుచేత గోడ లేని చోటు ఒక్క క్షణం కూడా తెరిచి ఉండదు.

బౌబజారు నేర్పిన పాఠం

నది కింద పని 2017లోనే క్షేమంగా ముగిసింది. గండం గడిచిందనుకున్నారు. కాని 2019 ఆగస్టు 31న, నదికి దూరంగా, బౌబజారు ప్రాంతంలో మరో యంత్రం నేలలో నీరున్న ఇసుక పొరను తాకింది. నీరు ఇసుకను వెంటబెట్టుకుని సొరంగంలోకి వచ్చింది. పైన నేల కుంగింది. పాత ఇళ్ళు బీటలు వారాయి, కొన్ని కూలిపోయాయి. వందలాది మంది కట్టుబట్టలతో ఇళ్ళు వదిలి వెళ్ళవలసి వచ్చింది. 2022 మేలో మళ్ళీ అక్కడే ఇళ్ళు బీటలిచ్చాయి. ఎస్ప్లనేడ్–సియాల్దా ముక్క అంత ఆలస్యం కావడానికి ముఖ్యకారణం ఇదే.

గమనించారా? అపాయం నీళ్ళు లోపలికి రావడంలోనే లేదు. వచ్చిన నీటిని పంపులతో తోడెయ్యవచ్చు. నీటితోపాటు మట్టి వచ్చేస్తే ఎవరి ఇంటికిందో నేల ఖాళీ అవుతుంది. నా పక్కనున్న పెద్దాయన కాలం మిగిల్చే ఆ బండి వెనక బౌబజారు ఇళ్ళవాళ్ళ నష్టం కూడా ఉంది. ఇంజనీరు లెక్కలో అది మరిచిపోకూడని అంకె.

తిరిగి వచ్చి తరగతిలో ఇదంతా చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే మాస్టారూ, గోడ కట్టేదాకా మట్టే గోడ అన్నమాట" అంది. నేను రెండు పేజీల్లో చెప్పింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది!

మీరే చేసి చూడండి

ఒక ప్లాస్టిక్ సీసా పైభాగం కోసెయ్యండి. అడుగుకు దగ్గరగా చిటికెన వేలు పట్టేంత రంధ్రం చేసి, గుడ్డముక్క కుక్కి మూయండి. సీసాలో మూడు వంతులు సన్నటి ఇసుక పోసి, పూర్తిగా తడిసేదాకా నీళ్ళు పొయ్యండి. పైన అగ్గిపెట్టె నిలబెట్టండి. అదే మీ ఇల్లు. ఇప్పుడు గుడ్డ లాగెయ్యండి. నీటితోపాటు ఇసుక జారి, ఇల్లు ఒరగడం చూస్తారు. రెండోసారి రంధ్రానికి లోపలివైపు పలచని గుడ్డ అడ్డుపెట్టి చెయ్యండి. నీరు వస్తుంది, ఇసుక రాదు. ఇల్లు ఏమయిందో చూడండి.

ఆలోచించండి

1. 520 మీటర్లను 45 సెకండ్లలో దాటే బండి సగటు వేగం గంటకు ఎన్ని కి.మీ.?

2. సొరంగం చతురస్రంగా ఉంటే దాని గోడల్లో ఏ చోట ముందు పగులుతుంది? ఎందుకు?

3. మీ ఊరి ప్యాసింజరు బండి రెండు స్టేషన్ల మధ్య దూరాన్నీ, పట్టే కాలాన్నీ రాసుకుని సగటు వేగం కట్టండి. అది మెట్రోకు దగ్గరగా ఉందా, ఎక్స్‌ప్రెస్సుకు దగ్గరగా ఉందా? కారణం చెప్పండి.