నడకకు లెక్క

పుంగనూరు ఆవు పొట్టి జాతిగా పేరుపొందినది. దాని దూడ పుట్టిన కొద్ది గంటలలోనే లేచి తల్లి వెంట నడుస్తుంది. మానవ శిశువు తొలి అడుగు వేయడానికి సుమారు ఏడాది పడుతుంది. నాలుగు కాళ్ళపై నిలవడం సులభం. రెండు కాళ్ళపై నడవడం కష్టం. ముందుకు తూలడం, పడకముందే మరొక పాదంతో నిలదొక్కుకోవడం - ఇదే మన నడక.

ఈ నడకను శాస్త్రజ్ఞులు కంప్యూటరులో పునఃసృష్టిస్తున్నారు. ఎముకలను దృఢమైన కడ్డీలుగా, కీళ్ళను తలుపు బందులుగా, కండరాలను లాగే తాళ్ళుగా భావించి నమూనా నిర్మిస్తారు. మనిషి కదలికలను కెమెరాలు, పాదం మోపే బలాన్ని నేలలో అమర్చిన పలకలు కొలుస్తాయి. ఆ కొలతలకు న్యూటన్ గమన సూత్రాలను అన్వయించి, ఏ క్షణంలో ఏ కీలుపై ఎంత బలం పడుతున్నదో కంప్యూటరు గణిస్తుంది. మామూలు నడకలోనే మోకాలిపై శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం పడుతుంది.

ఈ లెక్కల వల్ల ప్రయోజనమేమి? మదనపల్లె టమాటా మార్కెట్టులో హమాలీ బరువైన పెట్టెను మోస్తూ చకచకా నడుస్తాడు. మూడు కిలోలే పాదానికి కడితే అతని అడుగు తడబడుతుంది. గాలిలో ముందుకు సాగే కాలు తుంటి నుండి వ్రేలాడే లోలకం వంటిది. దాని కొన బరువెక్కిన కొద్దీ ఊపడానికి ఎక్కువ శ్రమ కావాలి.

పోలియో సోకిన పిల్లలు ఆ శ్రమను అనుభవించారు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లతో వారు కాళ్ళీడ్చుకొంటూ నడవడాన్ని అక్కడి ఎముకల వైద్యుడు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాంకు చూపించారు. 1989లో తొలిసారి ప్రయోగించిన అగ్ని క్షిపణి కోసం రూపొందించిన తేలికైన మిశ్రమ పదార్థంతో, కలాం బృందం మూడు వారాలలో 300 గ్రాముల కాలిపర్లు తయారుచేసింది. పిల్లలు సునాయాసంగా నడుస్తుంటే తల్లిదండ్రుల కన్నులు చెమర్చాయి.

2014లో భారతదేశం పోలియో రహితమైనట్లు ధ్రువీకరింపబడింది. అయినా పక్షవాతం, ప్రమాదాలు నేటికీ నడకను హరిస్తున్నాయి. నేడు పరికరాన్ని తయారుచేయకముందే దాని బరువును, ఆకృతిని కంప్యూటరు నమూనాలో మార్చి పరీక్షించవచ్చు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2007లో ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేరును ఉచితంగా అందించింది. కుప్పం విద్యార్థి సైతం దానిని ఉపయోగించవచ్చు.

అయితే ప్రయోగశాల నున్నని నేలపై నడక వేరు. పొలం గట్టుపై వట్టి కాళ్ళతో నడక వేరు. కొలత ఎక్కడిదో ఫలితం అక్కడిదే. మన దారులలో నడిచే పాదాలను కొలవవలసినవారు మనమే.