డోనెపెజిల్ మాత్ర: అది చేయునది, చేయజాలనిది

ఇటీవల మేము ఒక గ్రామమున పంచాయతీ కార్యాలయపు అరుగుపై కూర్చుండి యుండగా, సభ్యులలో నొకరు మమ్ము ప్రక్కకు పిలిచి యిట్లడిగిరి: "అయ్యా, మా పెదనాయనకు జ్ఞాపకం తెప్పించే మాత్ర అని డాక్టరు రాసిచ్చాడు. నెల రోజులు మింగించాం. ఇప్పటికీ నా పేరు పిలవలేకపోతున్నాడు. మాత్ర నకిలీదా, డాక్టరు నకిలీవాడా?"

చీటీ చూచితిమి. మాత్రయు సరియైనదే, డాక్టరును సరియైనవాడే. పొరపాటు ఆ కుటుంబము పెట్టుకొన్న ఆశలో నున్నది. ఆ మాత్ర పేరు డోనెపెజిల్. ఇట్టి ప్రశ్న మీ గ్రామమునను రాగలదు గనుక దానిని గూర్చి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

వృద్ధాప్యమున మరపు సహజమే. చేనికి పోయి కొడవలి మరచి వచ్చుట వేరు. నలువది యేండ్లు నడచిన చేని బాట తెలియక నడుమ నిలిచిపోవుట వేరు. భోజనము చేసి చేయి కడుగుకొనిన కొంత సేపటికే, తనకు అన్నము పెట్టలేదని పొరుగింట చెప్పుట ఈ రెండవ తెగకు చెందినది. పాపము, ఎందరు కోడండ్రు ఈ కారణముననే ఊరి నోట పడిరో! ఇది చాదస్తము కాదు, మెదడు వ్యాధి. 1906లో జర్మను వైద్యుడు అలోయిస్ అల్జీమర్ దీనిని మొదట వర్ణించెను. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మందికి ఇట్టి మతిభ్రంశ వ్యాధులు కలవని 2023లో ప్రకటింపబడిన అంచనా. వానిలో అల్జీమర్స్ వ్యాధి ముఖ్యమైనది.

మెదడులోని నరకణములు ఒకదానికొకటి కబురంపుకొనుటకు ఎసిటైల్‌కోలిన్ అను రసాయనమును వాడుకొనును. పని ముగియగనే దానిని విరిచివేయు ఎంజైము కూడ మెదడులోనే కలదు. అల్జీమర్స్ వ్యాధిలో ఆ రసాయనమును తయారుచేయు కణములు క్రమముగా నశించును. డోనెపెజిల్ ఆ ఎంజైమును అడ్డగించి, ఉన్న కొద్దిపాటి రసాయనము మరికొంత సేపు నిలుచునట్లు చేయును. చెరువునకు నీరు తక్కువ వచ్చిన యేట పంటకాలువ గండ్లు పూడ్చినట్లే యిది. ఉన్న నీరు కొంత దూరము పారును. అంతమాత్రమున వాన కురియదు, చెరువులో పూడిక పేరుకొనుటయు ఆగదు.

కనుక పోయిన జ్ఞాపకము తిరిగి వచ్చునని ఎదురుచూడరాదు. స్వల్పముగను, మధ్యస్థముగను వ్యాధి యున్నవారిలో కొందరు ఈ మాత్ర వలన తమ స్నానము, భోజనము, మాటతీరు కొన్ని నెలలో, ఏడాది పైచిలుకో నిలుపుకొందురు. కొందరికి ఏ మేలును కానరాదు. ఆ సభ్యుని మేము తిరిగి అడిగితిమి: పెదనాయన తన చేతితో తాను తినుచున్నారా, గడప దాటి త్రోవ తప్పుచున్నారా? తినుచున్నారనియు, ఈ నెలలో త్రోవ తప్పలేదనియు చెప్పిరి. మాత్ర విలువను కొలువవలసినది అచ్చటనే. అదియు నెల దినములలో తేలునది కాదు.

ఈ మందును కనుగొన్నది జపానులోని ఐసాయి సంస్థ. పరిశోధనకు నాయకత్వము వహించిన హచిరో సుగిమోటో తల్లియు మతిభ్రంశము వలన కన్నకొడుకునే గుర్తింపలేని స్థితికి వచ్చెను. 1996లో అమెరికాలో దీనికి అనుమతి లభించినది. నేడు మన దేశమున పలు కంపెనీలు దీనిని తయారుచేయుచున్నవి.

సాధారణముగా రాత్రి పరుండబోవు వేళ 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇత్తురు. నాలుగు నుండి ఆరు వారముల పిదప, తగునని తోచిన యెడల డాక్టరే 10కి పెంచును. త్వరగా గుణము రావలెనని ఇంటివారు రెండేసి మాత్రలు వేయుట ప్రమాదకరము. వికారము, విరేచనములు, ఆకలి తగ్గుట, పీడకలలు కలుగవచ్చును. కలలు బాధించిన యెడల ఉదయము వేయవచ్చునా యని డాక్టరునడుగవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది నాడి. ఈ మందు గుండె వేగమును తగ్గింపగలదు. ముసలివారు స్పృహ తప్పి పడినచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఉబ్బసము, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవారు ముందే ఆ సంగతి చెప్పవలెను. వారము దినములు మాత్ర మానిన పిదప, డాక్టరు నడుగకుండ పాత మోతాదుతో మరల ప్రారంభింపరాదు.

మరియొక చిక్కు కలదు. జలుబునకును నిద్రకును అంగడిలో అడిగి కొను కొన్ని మాత్రలు ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డగించును. ఒక చేత గండి పూడ్చి వేరొక చేత త్రవ్వినట్లగును! కావున వృద్ధుడు వాడు మందులన్నియు ఒక సంచిలో వేసి డాక్టరునకు చూపుట మేలు.

అసలు మాత్ర ప్రారంభించుటకు ముందే పరీక్ష యుండవలెను. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొరత, మనోవ్యాకులత, తలకు దెబ్బ తగిలి లోపల రక్తము గడ్డకట్టుట వంటివి కూడ మరపును కలిగించును. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. వానిని గుర్తింపక డోనెపెజిల్ ఇచ్చుట వృథా.

ఇక పంచాయతీ సభ్యులకు నేరుగా సంబంధించిన విషయము. ఇట్టి వృద్ధుని వేలిముద్ర కొరకు దస్తావేజుతో వచ్చి, సాక్షి సంతకము చేయుడని మిమ్ములను కోరువారుందురు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము, తాను చేయు ఒప్పందమును గ్రహించి తన మేలుకీళ్ళు విచారించుకొనలేని స్థితిలో చేసినది చెల్లదు. ఐనను వ్యాధి పేరు వినినంతనే మనిషికి నోరు లేదనుకొనుట తప్పు. తొలిదశలో తన భూమి, తన సంరక్షణ విషయమున ఆయనయే చెప్పగలడు. మాత్ర దక్కించిన నెలలు అందుకే ఉపయోగపడవలెను. ఆయన మాట ఆయన నోటనే, డాక్టరు ఎదుట వినుడు. అట్లుగాక మిగిలినవారు తొందరపెట్టినచో, సంతకము చేయకుడు.

త్రోవ తప్పిన వృద్ధుల విషయమునను, ఇంటిలో నిరాదరణ విషయమునను 14567 అను ఎల్డర్ లైను నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఈ నంబరును కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు.