వంటాముదము: నీటిలో చిక్కిన నూనెను విడదీయుట

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతముల మెట్ట చేలలో వేరుసెనగ నడుమ సాళ్లుగానో, గట్ల వెంబడినో ఆముదము వేయుట రైతులకు అలవాటే. గింజలు చాలవరకు బజారుకు పోయినను, కొంత ఉంచుకొని ఇంటనే ఆముదము వండుకొనువారు ఇప్పటికిని కలరు. తలకు రాచుకొనుటకును, కందిపప్పుకు పట్టించి పురుగు చేరకుండ నిలువ చేయుటకును గానుగాముదముకంటె వంటాముదమునే పెద్దలు కోరుదురు. ఈ వంటలో నూనె ఎక్కడ పోవుచున్నదో తెలిసికొన్నచో, అవే గింజలనుండి మరికొంత నూనె దక్కించుకొనవచ్చును.

వండు పద్ధతి మీకు తెలిసినదే. గింజలను దోరగా వేయించి, రోటిలో మెత్తగా దంచి, ఆ ముద్దను మరుగుచున్న నీటిలో వేయుదురు. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, వేరొక పాత్రలో చిటపట ఆగువరకు కాచుదురు. గింజ బరువులో సుమారు సగము నూనెయే. అంతయు చేతికి రాదు. కొంత పిప్పిలో నిలిచిపోవును. మరికొంత, నూనెకును నీటికిని నడుమ చిక్కని మజ్జిగవలె తెల్లగా కనబడు పొరలో చిక్కుకొనును. చాలమంది దీనిని నురగయని పారబోయుదురు. అది వట్టి నురగ కాదు. అందులో ఉన్నది మీ నూనెయే.

నూనె, నీరు కలియవు కదా, మరి ఈ పొర ఎట్లు నిలిచినది? పాలను చూడుడు. పాలలోని కొవ్వు కంటికి కనబడనంత సన్నని బొట్లుగా ఉండును. ప్రతి బొట్టు చుట్టును మాంసకృత్తులతో కూడిన పలుచని పొర తొడుగువలె ఉండి, ఒక బొట్టును మరియొకదానితో కలియనీయదు. ఇట్టి మిశ్రమమును ఎమల్షన్ అందురు. ఆముదపు గింజలోను మాంసకృత్తులు గలవు. ముద్దను నీటిలో ఎంత గట్టిగా చిలికిన, బొట్లు అంత సన్నమై తొడుగులు తొడుగుకొనును.

బొట్టు అడ్డుకొలత సగమైనచో అది తేలు వేగము నాలుగవ వంతునకు పడిపోవును. పైగా ఆముదము బరువైన నూనె. లీటరు నీరు 1000 గ్రాములు తూగగా, వేరుసెనగ నూనె సుమారు 915 గ్రాములు, ఆముదము సుమారు 960 గ్రాములు తూగును. తేడా 40 గ్రాములే గనుక ఆముదము తీరికగా తేలును. కావున ముద్ద వేసిన తరువాత అడుగంటకుండ మెల్లగా త్రిప్పవలెనే గాని కవ్వముతో చిలికినట్లు చేయరాదు. వేడి తగ్గనీయరాదు. వేడికి నీటికంటె నూనె ఎక్కువ వ్యాకోచించి తేలిక యగును, నీరును పలుచబడును.

వేయించుటలో తొందర పనికిరాదు. వేడికి మాంసకృత్తులు గడ్డకట్టి, తొడుగులు కట్టు శక్తిని చాలవరకు పోగొట్టుకొనును. అంతేగాక పచ్చి గింజలో కొవ్వును విరుగగొట్టు లైపేజ్ అను ఎంజైము గలదు. పచ్చి గింజలను దంచి తడిముద్దగా రాత్రంతయు ఉంచినచో, అది నూనెను పులియజేసి ఆమ్లములను పుట్టించును. సౌడు నీటితో వండినచో ఆ ఆమ్లములు సబ్బుగా మారి, బొట్లను ఇంకను గట్టిగా పట్టి ఉంచును. వాననీరో, మంచి చెరువు నీరో దొరికిన మేలు.

ఇక తెల్లని పొర సంగతి. దానిని వేరుగా చిన్న పాత్రలోనికి తీయుడు. లీటరు వేడినీటిలో 100 గ్రాముల ఉప్పు కరగించి, ఆ నీటిని పొరకు రెట్టింపు పోయుడు. ఆ ఉప్పునీరు చల్లగా నున్నప్పుడు లీటరు 1065 గ్రాముల వరకు తూగును గనుక, నూనెతో బరువు తేడా రెండింతలకు మించును. బొట్లు ఒకదానినొకటి నెట్టుకొను విద్యుత్తును కూడ ఉప్పు అణచును. పెళ్లున మరుగకుండ అరగంట సేపు సన్నని సెగపై ఉంచి, దించి, రాత్రంతయు కదపకుండ ఉంచవలెను. ఉదయము తేలిన నూనెను తీసి, మంచి వేడినీటితో ఒకసారి కడిగి, ఎప్పటివలె కాచుకొనవలెను. నీరు మిగిలియున్న నూనె చిట్లి పైబడును. పాత్రలో సగమునకు తక్కువగానే పోసి, పిల్లలను దూరముగా ఉంచుడు. ఉప్పును పెద్ద కుండలో వేయరాదు. పిప్పి చేనికి పోవలసినది. మన నేలలకు ఉప్పు వద్దు.

ఈ చిక్కు మన పొయ్యి దగ్గరనే కాదు, పెద్ద కర్మాగారములలోను గలదు. బ్రెజిల్ దేశమున బ్రోటాస్ అను ఊరిలో 2012 చివర ప్రారంభమైన కర్మాగారములో, చెరకు చక్కెరను ఈస్టుకు మేపి ఫార్నెసీన్ అను నూనె వంటి ద్రవమును తీసిరి. ఇట్టి తొట్లలో ఈస్టు కణములును, వాటి మాంసకృత్తులును బొట్లకు తొడుగులై, నూనె మీగడవలె నిలిచిపోవును. అక్కడివారు చేయునది వేడిచేయుట, ఆమ్లమో లవణమో కలుపుట, తొడుగును కోయు ఎంజైములు వేయుట, మిక్కిలి వేగముగా త్రిప్పు యంత్రములలో విడదీయుట. ఈ యంత్రములకు మూలము స్వీడన్ దేశస్థుడు గుస్తాఫ్ ద లావాల్ 1878లో నిర్మించిన వెన్నతీయు యంత్రమే.

చివరగా పిప్పిని గూర్చి. ఆముదపు గింజలో రైసిన్ అను మహావిషము గలదు. అది నూనెలో కరగదు. పిప్పిలోను, నీటిలోను నిలుచును. ఉడికినచో చెడును గాని, ముద్ద నడుమ సరిగా ఉడికినదో లేదో ఇంటిలో తేల్చుకొను వీలు లేదు. కనుక పిప్పిని, వండిన నీటిని పశువుల తొట్టిలో ఎన్నడును పోయరాదు. గానుగాడిన ఆముదపు పిండిలో సుమారు 4 శాతము నత్రజని ఉండును. ఇంటి పిప్పియు ఎరువుగా పనికివచ్చును. అయితే పైపైన చల్లిన కుక్కలును, మేకలును తిని చచ్చును. చాలులో వేసి మట్టి కప్పుడు. ఉప్పునీటిని మాత్రము చేనికి, పశువులకు దూరముగా గుంట తీసి అందులో పోయుడు.