పాత శాలరీ ఖాతా ‘ఇనాపరేటివ్’ అయిందా?

కంపెనీ మారిన ప్రతిసారీ కొత్త శాలరీ అకౌంట్ తెరుస్తారు. పాతదాన్ని ఇక ఎవరూ పట్టించుకోరు. ఎప్పుడో అవసరపడి ఏటీఎంలో కార్డు పెడితే పనిచేయదు. బ్యాంకులో అడిగితే ‘ఇనాపరేటివ్ అయింది’ అంటారు. పీఎఫ్, పాన్ దగ్గరా ఇదే మాట వినిపిస్తుంది. అయితే మూడుచోట్లా నిబంధనలు వేరు, చేయాల్సిన పనీ వేరు.

బ్యాంకు ఖాతా

రెండేళ్లకు మించి ఖాతాదారు వైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే సేవింగ్స్ ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. బ్యాంకు తనంతట తాను జమచేసే వడ్డీ, కోసుకునే చార్జీలు ఈ లెక్కలోకి రావు. మీరు మొబైల్ బ్యాంకింగ్‌లో లాగిన్ అయినా, కేవైసీ అప్‌డేట్ చేసినా వస్తాయి. కాబట్టి ఖాతా ఉంచుకోవాలనుకుంటే ఏడాదికోసారి చిన్న మొత్తం అటూ ఇటూ పంపితే సరిపోతుంది.

ఇనాపరేటివ్ అయినంత మాత్రాన డబ్బు పోదు, సేవింగ్స్ వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అలాంటి ఖాతాలో మినిమమ్ బ్యాలెన్స్ లేదని జరిమానా వేయకూడదు, తిరిగి తెరవడానికి రుసుమూ తీసుకోకూడదు. కేవైసీ పత్రాలు సొంత బ్రాంచిలోనే కాదు, ఆ బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో తెరిచిన ఖాతా కోసం బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని రానక్కర్లేదు.

చిక్కంతా ఆ రెండేళ్ల లోపే. జీతం పడటం ఆగిన కొన్ని నెలలకు చాలా బ్యాంకులు శాలరీ ఖాతాను మామూలు సేవింగ్స్‌గా మార్చేస్తాయి. అప్పటి నుంచి మినిమమ్ బ్యాలెన్స్ చార్జీలు మొదలుకావచ్చు. అక్కర్లేని ఖాతాను ఈలోపే మూసేయండి. మూసేముందు దానికి కట్టిన ఈఎంఐ, బీమా, సిప్ ఆటో డెబిట్లను కొత్త ఖాతాకు మార్చుకోండి.

పదేళ్లు కదలని ఖాతా సొమ్ము రిజర్వ్ బ్యాంకు నిర్వహించే నిధికి వెళ్తుంది. అప్పుడు కూడా మీ బ్యాంకు ద్వారానే అడిగి తీసుకోవచ్చు. ఏ బ్యాంకులో ఉందో గుర్తులేకపోతే 2023లో వచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో వెతకండి.

పీఎఫ్

ముప్పై ఏళ్ల వయసులో ఉద్యోగం మానేసి, మూడేళ్లు చందా కట్టకపోయినా మీకు 58 ఏళ్లు వచ్చేదాకా పీఎఫ్ ఖాతాలో వడ్డీ జమవుతుంది. ‘వడ్డీ ఆగిపోతుంది, వెంటనే తీసేయ్’ అనే స్నేహితుల మాట విని తొందరపడొద్దు. కాకపోతే ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీపై పన్ను ఉంటుంది. కొత్త కంపెనీలో పాత యూఏఎన్ నంబరే ఇచ్చి, బ్యాలెన్స్‌ను బదిలీ చేయించుకోండి. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు.

పాన్

ఇక్కడ వాడకంతో పని లేదు. ఆధార్‌తో అనుసంధానించాల్సి ఉండీ చేయని పాన్‌లు 2023 జులై 1 నుంచి ఇనాపరేటివ్ అయ్యాయి. అలాంటి పాన్ ఉంటే టీడీఎస్ ఎక్కువ రేటున కోస్తారు, రిఫండ్ ఆగుతుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో 1,000 రూపాయల రుసుము కట్టి ఆధార్ జతచేయాలి. కొత్త ఉద్యోగంలో మొదటి జీతం పడకముందే ఈ పని ముగించండి.